ఱంపపుబల్ల వంకర: గుర్తించుటయు, సవరించుటయు

(మన పాఠశాల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇట్టి సభలలో విద్యను గూర్చియు, మాతృభాషను గూర్చియు ప్రసంగించుట వాడుక. నేడు మేము ఒక ఇనుపబల్లను గూర్చి చెప్పబూనితిమి. విషయము చిన్నదని తోచవచ్చును. కాని మన శిశుతరగతి పిల్లలు వ్రేళ్లతో తడవి నేర్చుకొను కొయ్య అక్షరములు ఆ బల్లమీదనే తయారగుచున్నవి. మనము నివసించు ఊరి అంగళ్లలో ఇతర భాషల అక్షరముల పెట్టెలు దొరకును గాని తెలుగు అక్షరముల పెట్టె దొరకుట అరుదు. అందుచేత పనిముట్లుగల కొన్ని కుటుంబములవారు తమ యింటి పనిగదులలో అక్షరములను కోసి పాఠశాలకు ఇచ్చుచున్నారు. ఆ కోతపని బ్యాండ్‌సా అను పట్టీఱంపముమీద జరుగును. మన లిపి గుండ్రనిది. వంపులు కోయుటకు ఈ యంత్రము మిక్కిలి అనుకూలమైనది.

ఈ అక్షరములను మేము ఒక్కొక్కటిగా కోయము. 12 మిల్లీమీటర్ల మందముగల పలకలను నాలుగింటిని ఒకదానిపై నొకటి పేర్చి, కదలకుండ అతికించి, ఒక్కసారిగా కోయుదుము. ఱంపపుపట్టీకి బల్ల సరియైన లంబముగా నున్నచో నాలుగు అక్షరములును ఒక్క తీరుననే వచ్చును. బల్ల ఒక్క డిగ్రీ వాలినను, 48 మిల్లీమీటర్ల ఎత్తునకు ప్రక్కకు సుమారు 0.84 మిల్లీమీటరు తేడా వచ్చును. ఇరుప్రక్కలను కలిపి చూచినచో పేర్పు యొక్క పైముఖమునకును క్రిందిముఖమునకును వెడల్పులో 1.7 మిల్లీమీటర్ల భేదము. అట్టి పేర్పులో ఒక చివరి అక్షరము తన గూటిలో దూరదు; రెండవ చివరిది వదులై జారిపోవును. గూటిలో అక్షరము పట్టనప్పుడు బిడ్డ ఏమనుకొనును? తన చేతిలో నున్నది ‘ఢ’ కాదు కాబోలు, తాను గుర్తుపట్టుటయే తప్పు కాబోలు అనుకొనును. తప్పు బిడ్డది కాదు, బల్లది. కోసిన తండ్రియు తన చేయి వణకినదనుకొనును. తప్పు ఆ చేతిదియు కాదు.

కావున మేము చెప్పదలచిన మాట యొక్కటే. వంకర ఎచ్చట నున్నదో, దేనివలన కలిగెనో తెలియకముందు ఆకురాయి పట్టరాదు. పోత ఇనుమును అరగదీయుట సులభము. అరగినదానిని తిరిగి పెట్టుట అసాధ్యము.

యంత్రమును, దాని అంగములును

ఱంపమును కొసలేని పట్టీగా చేసి చక్రములపై త్రిప్పవచ్చునను ఊహ పాతదియే. పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున విలియం న్యూబెరీ ఇంగ్లండులో దీనికి పేటెంటు పొందెను. కాని ఎడతెగక వంగుచు తిరుగు పట్టీ తెగిపోవుచుండుటచేత ఆ యంత్రము చాలకాలము వాడుకలోనికి రాలేదు. 1846లో ఆన్ పోలిన్ క్రెపాన్ అను ఫ్రెంచి మహిళ పట్టీ కొనలను గట్టిగా అతుకు పద్ధతికి పేటెంటు పొందిన పిదపనే దానికి కార్ఖానాలలో చోటు దొరకెను.

ఇండ్లలో వాడు యంత్రములలో సాధారణముగా 14 అంగుళముల, అనగా సుమారు 355 మిల్లీమీటర్ల వ్యాసముగల చక్రములు రెండు ఉండును. ఒకటి పైన, ఒకటి క్రింద. వానిపై బిగించిన ఉక్కుపట్టీ మందము అర మిల్లీమీటరుకు కొంచెము హెచ్చు. అది నిమిషమునకు సుమారు 900 మీటర్ల వేగమున క్రిందికి పరుగెత్తును. ఆ రెండు చక్రముల నడుమ పోత ఇనుపబల్ల యుండును.

బల్లను గూర్చి తెలిసికొనదగిన అంగములు ఐదు. మొదటిది చీలిక. పట్టీని తొడుగుటకును తీయుటకును వీలగునట్లు బల్ల నడుమనుండి ఒక అంచువఱకు సన్నని చీలిక కోయబడి యుండును. రెండవది శీల. చీలిక తెఱచియున్న అంచున, దాని రెండు ప్రక్కలను ఒక్క మట్టమున నిలుపుటకు మొనవైపు సన్నగిల్లిన శీల యొకటి దిగగొట్టబడి యుండును. కొన్నిటిలో దీనికి మాఱుగా బోల్టు ఉండును. మూడవది పట్టీ చుట్టును అమర్చిన నడిమి బిళ్ళ. నాలుగవది బల్ల అడుగున నుండు అర్ధచంద్రాకారపు ఆధారములు రెండు, వీనిని ట్రనియన్లందురు. బల్లను వాల్చవలసినప్పుడు ఇవి తమ గాళ్లలో జరుగును. ఐదవది అడ్డుబోల్టు. వాల్చిన బల్లను తిరిగి లంబస్థానమునకు తెచ్చినప్పుడు అది ఇంతకు మించి పోకుండ ఆపునది ఇదియే.

వంకరలో నాలుగు జాతులు

“బల్ల సరిగా లేదు” అని అందఱును ఒక్క మాటగా చెప్పుదురు. ఆ మాటలో నాలుగు వేఱువేఱు దోషములు దాగియున్నవి. వానికి మేము వాడుకొను పేర్లు ఇవి.

వాలు: బల్ల చదునుగానే యుండును గాని పట్టీకి లంబముగా నుండదు. ఇది ఎడమ-కుడి వాలు కావచ్చును, ముందు-వెనుక వాలు కావచ్చును.

మెట్టు: చీలికకు ఒక ప్రక్క ఎత్తుగాను, రెండవ ప్రక్క పల్లముగాను ఉండును. నడిమి బిళ్ళ పైకి లేచియున్నను, లోనికి దిగియున్నను ఇట్టి దోషమే.

మెలి: తడి పలక ఎండలో మెలితిరిగినట్లు బల్ల యొక్క ఎదురెదురు మూలలు రెండు లేచి, తక్కిన రెండు దిగియుండును.

ఉబ్బు లేక గుంట: బల్ల నడుమ ఎత్తుగానో, పల్లముగానో ఉండును.

మొదటి మూడింటికి సాధారణముగా ఇంటనే చికిత్స కలదు. నాలుగవది పోతలోనే యున్నదైనచో వేఱు దారి చూడవలెను. ఈ భేదము తెలియకనే చాలమంది మొదటి మూడింటికిని నాలుగవదాని చికిత్స చేయించి బల్లను పాడుచేసికొనుచున్నారు.

పరీక్షకు ముందు

ముందుగా విద్యుత్తు ప్లగ్గు తీసివేయవలెను. మీట దించుట చాలదు. ఏ పరీక్షయైనను చేతులు పట్టీ దగ్గఱకు పోవలసినదే గదా.

రెండవది, నేల సంగతి. యంత్రపు కాళ్లు నాలుగును నేలకు ఆనవలెను, ఊగరాదు. కాని బల్లమీద రసమట్టము పెట్టి బుడగను నడుమకు తెచ్చుటకు శ్రమపడ నక్కఱలేదు. పెక్కుమంది ఇచ్చటనే దారి తప్పుదురు. బల్ల భూమికి మట్టముగా నుండవలసిన పని లేదు. అది తనలో తాను చదునుగాను, పట్టీకి లంబముగాను ఉన్న చాలును. రసమట్టము ఈ రెండింటిలో దేనిని గూర్చియు చెప్పదు.

మూడవది, బల్లను కడుగుట. కొయ్యజిగురు, త్రుప్పు, ఱంపపుపొట్టు కలిసి గట్టిపడిన పెచ్చులను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, సన్నని గరుకుకాగితముతో తేలికగా రుద్ది, పొడిగుడ్డతో తుడువవలెను. కిరసనాయిలు వాడునప్పుడు దగ్గఱ నిప్పు ఉండరాదు. అంచులయందును, చీలిక ఒడ్డునను దెబ్బ తగిలి లేచిన లోహపు ముల్లు ఉన్నదేమో వ్రేలిగోటితో తడవి చూడవలెను.

నాలుగవది, పరీక్షించు పనిముట్లనే పరీక్షించుట. ఉక్కుబద్దను కాగితముమీద పెట్టి దాని అంచువెంట సన్నని గీత గీసి, బద్దను బోర్లించి, అదే అంచును ఆ రెండు కొనల బిందువులకే ఆనించి మఱల గీయవలెను. రెండు గీతలును కలిసిపోయినచో బద్ద తిన్ననిది. నడుమ ఎడమున్నచో ఆ ఎడములో సగము బద్ద దోషము. మూలమట్టమునకును ఇదే విధము. తిన్నని అంచుగల పలకకు దానిని ఆనించి గీత గీసి, త్రిప్పి వేసి, అదే బిందువునుండి మఱియొక గీత గీయవలెను. గీతలు విడిపోయినచో మూలమట్టమే తప్పు. తప్పు మూలమట్టముతో సరియైన బల్లను దిద్దబోవుటకంటె ఊరకుండుట మేలు.

పరీక్షించు క్రమము

క్రమము ముఖ్యము. ముందు బల్ల చదునును చూడవలెను. పిదపనే దాని లంబమును చూడవలెను. మెలితిరిగిన బల్లమీద మూలమట్టము ఒక్కొక్క చోట ఒక్కొక్క మాట చెప్పును.

సందులు కొలుచుటకు ఫీలర్ గేజి యున్నచో మంచిదే. లేకున్నను పని ఆగదు. మామూలుగా అచ్చు వేసికొను తెల్లకాగితము మందము సుమారు 0.1 మిల్లీమీటరు. ఆ కాగితమును సన్నని పట్టీలుగా కత్తిరించి మూడింటిని తీసికొని, ఉక్కుబద్ద రెండు చివరలక్రింద ఒక్కొక్కటి, నడుమ నొకటి ఉంచవలెను. తరువాత ఒక్కొక్కదానిని మెల్లగా లాగి చూడవలెను. మూడును సమానముగా పట్టియున్నచో అచ్చట బల్ల చదునే. నడిమిది ఊడి వచ్చినచో అచ్చట గుంట. నడిమిది బిగిసి, చివరివి వదులైనచో ఉబ్బు. ఎన్ని కాగితములు పెట్టినపుడు పట్టునో లెక్కించినచో సందు కొలత తెలియును.

ఈ పరీక్షను బల్ల పొడవునను, అడ్డముగాను, రెండు కర్ణములవెంటను, నాలుగు అంచులవెంటను, చీలికకు ఇరుప్రక్కలను చేయవలెను. ఫలితములను ఒక కాగితముమీద బల్ల పటము గీసి వ్రాసికొనవలెను. ఆ పటమే మన రోగనిదానము. దానిని చదువు విధమిది.

అన్ని దిశలయందును నడుమ సందు కనిపించినచో అది గుంట. అన్ని దిశలయందును బద్ద నడుమ ఆని ఊగినచో అది ఉబ్బు. అంచులు తిన్నగా నుండి, ఒక కర్ణమున నడుమ సందును, రెండవ కర్ణమున ఊగుటయు కనిపించినచో అది నిశ్చయముగా మెలి. చీలిక దాటునపుడు మాత్రమే బద్ద ఎగిరినచో అది మెట్టు. మెలిని కంటితోను చూడవచ్చును. సమానమైన ఎత్తుగల రెండు తిన్నని బద్దలను బల్ల ముందు అంచున నొకటి, వెనుక అంచున నొకటి నిలిపి, వంగి మొదటిదాని పైఅంచుమీదుగా రెండవదానిని చూచినచో, మెలి యున్నయెడల రెండు అంచులును ఒకదానికొకటి వాలియుండును. పలకల మెలిని చూచుటకు వడ్రంగులు వాడు ఉపాయమిదియే.

నిర్ణయము చేయు పరీక్ష

ఇంతవఱకు దోషము ఎట్టిదో తెలిసినది. దేనివలన కలిగెనో ఇంకను తెలియలేదు. దానిని తేల్చు పరీక్ష మిక్కిలి సులభము. చేయువారు మాత్రము అరుదు. బల్లను పట్టియుంచు ట్రనియన్ల బోల్టులను వదులుచేసి, అవే కొలతలను మఱల తీసికొనవలెను. పిదప శీలను తీసి మఱల కొలువవలెను. బోల్టులు వదలినంతనే మెలి తొలగినచో తప్పు బల్లలో లేదు, దానిని పట్టుకొనిన విధములో నున్నది. శీల తీసినంతనే మెట్టు గాని మెలి గాని మాఱినచో కారణము శీల. దేనిని వదలినను కొలత మాఱనిచో, అప్పుడు మాత్రమే పోతను శంకింపవలెను.

దీనికి మేము చూచిన ఒక ఉదాహరణము చెప్పెదము. మా సభ్యులలో నొకరు వాడిన యంత్రమునొకదానిని కొనితెచ్చిరి. బల్ల ఇంచుమించు 350 మిల్లీమీటర్ల చదరము. పేర్చి కోసిన అక్షరములు ఒకటికొకటి పొసగుట లేదు. ఒక మరమ్మతుశాలవారు చూచి, బల్ల వంగిపోయినది, పైభాగమంతయు యంత్రముపై అరగదీయవలెననిరి. మేము కొలువగా ఒక కర్ణమున నడుమ ఆఱు కాగితముల సందు, అనగా సుమారు 0.6 మిల్లీమీటరు. రెండవ కర్ణమున బద్ద ఊగుచుండెను. అంచులు తిన్నగానే యున్నవి. కనుక మెలి. ట్రనియన్ల బోల్టులు వదలగా ఆ సందు ఒక్క కాగితమునకు దిగిపోయెను. బల్లను ఎత్తి చూడగా వెనుక ట్రనియను ఆను చోట జిగురుతో గట్టిపడిన ఱంపపుపొట్టు పెచ్చు ఒకటియు, బోల్టు రంధ్రము ఒడ్డున లేచిన లోహపు ముల్లు ఒకటియు కనిపించెను. ఇవి ఒక మూలను ఎత్తిపట్టగా, బిగించిన బోల్టు తక్కిన బల్లను క్రిందికి లాగుచుండెను. పెచ్చు గీకి, ముల్లును ఆకురాయితో నాలుగు తాకులు తాకించి బిగించితిమి. సందు ఒక్క కాగితముగానే నిలిచెను. బల్ల పైభాగమును ఎవ్వరును ముట్టలేదు.

ఆ బల్లను ముందే అరగదీయించి యుండినచో ఏమగును? మెలితో బిగించియున్న స్థితిలో చదును చేయబడిన బల్ల, పెచ్చు రాలిన దినమున బోల్టు బిగింపు మాఱి, వ్యతిరేకదిశలో మెలి తిరిగియుండును. అప్పుడు దానికి నివారణ లేదు.

సవరణలు

మెట్టునకు: శీల రంధ్రమును శుభ్రపఱచి, శీలను కొయ్యసుత్తితో మెల్లగా దింపుచు, చీలిక రెండు ప్రక్కలును సమానమగు క్షణమున ఆపవలెను. అంతకుమించి కొట్టినచో శీల మేకువలె పనిచేసి చీలికను వెడల్పుచేయును. పట్టీ మార్చునప్పుడెల్ల ఈ శీలను తీయవలసియుండును గనుక దానిని మఱల పెట్టుట మఱచువారును, పోగొట్టుకొనువారును కలరు. శీల లేని బల్ల మూత లేని కలమువంటిది కాదు, కదలుచున్న పంటివంటిది. అది ప్రతి కోతకును కొంచెముగా అదరును. నడిమి బిళ్ళ దిగియున్నచో దాని అడుగున కాగితపు పొరలు అతికింపవలెను. లేచియున్నచో బిళ్ళనే అరగదీయవలెను గాని బల్లను కాదు.

మెలికి: పైన చెప్పినట్లు ట్రనియన్లు ఆను తలములను శుభ్రపఱచుట, బోల్టులను ఒక్కొక్కటిగా కాక మార్చిమార్చి కొంచెము కొంచెముగా బిగించుట. ఒక్కదానిని పూర్తిగా బిగించి రెండవదానికి పోవుట తగదు.

ఎడమ-కుడి వాలునకు: పట్టీని పనికి తగినంత బిగువుగా బిగించి, దానిని ప్రక్కలనుండి నొక్కు గైడులను వెనుకకు జరిపి, మూలమట్టమును బల్లమీద నుంచి పట్టీ ప్రక్కకు ఆనింపవలెను. పండ్లు ఇరుప్రక్కలకు వంపబడి యుండును గనుక మూలమట్టము పంటికి తగులరాదు. పండ్ల వెనుకనున్న చదునైన ఉక్కుకు మాత్రమే తగులవలెను. వెనుక తెల్లకాగితము పట్టి వెలుతురు సందును చూడవలెను. సందు పోవువఱకు బల్లను త్రిప్పి, బిగించి, అడ్డుబోల్టును ఆ స్థానమున ఆనించి దాని నట్టును బిగింపవలెను. బిగించిన పిదప మఱియొకమాఱు చూడవలెను. బిగింపులోనే బల్ల కదలుట కద్దు.

మూలమట్టముకంటె కొయ్యయే మంచి సాక్షి. 75 మిల్లీమీటర్ల ఎత్తుగల చతురపు దిమ్మెలో కొంచెము లోతు కోసి, యంత్రమును ఆపి, చక్రములు పూర్తిగా నిలిచిన పిదప ప్లగ్గు తీసి, దిమ్మెను అదే అడుగుమీద సగము చుట్టు త్రిప్పి, పట్టీ వెనుకకు తెచ్చి ఆ కోతగాడిని పట్టీ వీపునకు తొడుగవలెను. తేలికగా దూరినచో వాలు లేదు. దూరకున్నచో త్రిప్పినందున వాలు రెట్టింపై కనిపించుచున్నదన్న మాట.

ముందు-వెనుక వాలునకు: మూలమట్టమును పట్టీ వెనుకనుంచి ముందుకు జరిపి పట్టీ వీపునకు ఆనింపవలెను. అడుగున తగిలి పైన సందున్నచో బల్ల వెనుకభాగము దిగియున్నది. పైన తగిలి అడుగున సందున్నచో ముందుభాగము దిగియున్నది. ఈ వాలునకు సాధారణముగా అడ్డుబోల్టు వంటి ఏర్పాటు ఉండదు. బల్ల ఆధారము యంత్రపు దేహమునకు బిగిసియుండు చోట సన్నని రేకుముక్కలు పెట్టియే సవరింపవలెను.

ఎంత మందము పెట్టవలెనో ఊహింప నక్కఱలేదు, త్రైరాశికము చాలును. 100 మిల్లీమీటర్ల ఎత్తున సందు 0.4 మిల్లీమీటరు అనుకొందము. ఆధారపు ముందు బోల్టునకును వెనుక బోల్టునకును నడిమి దూరము 75 మిల్లీమీటర్లు. 0.4ను 75తో గుణించి 100తో భాగింపగా 0.3 మిల్లీమీటరు. దిగియున్నవైపు అంత మందము పెట్టవలెను. పానీయముల అల్యూమినియం డబ్బా రేకు మందము సుమారు 0.1 మిల్లీమీటరు గనుక మూడు పొరలు సరిపోవును. కాగితము పరీక్షకు పనికివచ్చును గాని ఇచ్చట పనికిరాదు, బిగింపునకు నలిగిపోవును. పైతరగతుల పిల్లలుగల తల్లిదండ్రులు ఈ లెక్కను వారిచేతనే చేయింపవచ్చును. బడిలో పలకమీద చేసిన త్రైరాశికము ఇనుమును కదల్చుట చూచిన బిడ్డ దానిని మఱవడు.

ఈ ముందు-వెనుక వాలు వలన ఒక అంచునుండి మఱియొక అంచుదాక పోవు తిన్నని కోతకు నష్టము లేదు. కాని అక్షరముల లోవంపులవంటి, నడుమ ఆగిపోవు కోతలలో క్రిందిపలక యందు గాడి ఎక్కువ లోతునకో తక్కువ లోతునకో పోవును. మన పనికి ఇది ముఖ్యమే.

దోషము పోతలోనే యున్నచో

పోత ఇనుము కరిగి అచ్చులో పోసినప్పుడు పలుచని భాగములు ముందు చల్లారును, మందమైనవి వెనుక చల్లారును. ఒకదానినొకటి లాగుకొనుచు గట్టిపడుటచేత లోపల బిగువులు నిలిచియుండును. చీలిక కోసినంతనే ఆ బిగువులలో కొన్ని విడిపోయి బల్ల కదలును. పూర్వము కొన్ని పోతశాలలవారు పోతలను నెలలకొలది ఆరుబయట పడవైచి, పిదపనే చదును చేయుటకు ఇదియే కారణము.

ఇట్టి బల్లను సుత్తితో కొట్టి వంచబోరాదు. పోత ఇనుము పెళుసు, వంగదు, పగులును. నడుమ రెండు మూడు కాగితముల గుంట యున్నచో, కొయ్యపనికి దానిని మేము దోషముగా పరిగణింపము. కోయు పలక దానిమీదుగా ఊగక నిలుచును. ఉబ్బు మాత్రము ప్రమాదకరము. పలక దానిపై ఊగును. ఉబ్బు హెచ్చుగా నున్నచో రెండు దారులు. ఒకటి, శీలను దాని స్థానమున నుంచియే బల్లను మంచి యంత్రశాలలో చదును చేయించుట. రెండవది, ఖర్చు తక్కువైనది: 18 మిల్లీమీటర్ల తిన్నని ప్లైవుడ్డును బల్లపై మఱియొక బల్లగా బిగించి, దాని అడుగున అవసరమైన చోట్ల రేకుముక్కలు పెట్టి చదును చేయుట. కోయగల ఎత్తు 18 మిల్లీమీటర్లు తగ్గును. అక్షరముల పనికి ఆ నష్టము లెక్కింపదగినది కాదు.

పని ముగిసిన పిదప బల్లకు పలుచగా మైనము రుద్ది పొడిగుడ్డతో మెఱుగు పెట్టవలెను. పలక సాఫీగా జరుగును, త్రుప్పు పట్టదు. నూనె పూసినచో అది కొయ్యకు అంటి రంగు పట్టనీయదు.

భద్రతను గూర్చి

ఇంతవఱకు అక్షరముల అందమును గూర్చి చెప్పితిమి. వ్రేళ్లను గూర్చి చెప్పకున్న మా కర్తవ్యము తీఱదు. మెట్టుగల బల్లమీద పలక అంచు చీలికవద్ద తట్టుకొని ఆగును. ఆగినదానిని మనుష్యుడు సహజముగా ఎక్కువ బలముతో నెట్టును. తట్టు వదలినంతనే చేయి ముందుకు దూకును. ముందున్నది నిమిషమునకు 900 మీటర్లు పరుగెత్తు పండ్ల వరుస. ఉబ్బుగల బల్లమీద పలక ఊగి పట్టీని పట్టివేయును. పట్టీ వంగును, ఒక్కొక్కప్పుడు తెగును. కనుక బల్ల వంకర కోత నాణ్యతకు మాత్రమే సంబంధించినది కాదు.

పై గైడును కోయు కొయ్యకు 6 మిల్లీమీటర్ల ఎత్తువఱకు దింపి యుంచుడు. చిన్నముక్కలను వ్రేళ్లతో గాక కఱ్ఱతో నెట్టుడు. గుండ్రని కొయ్యను ఊరక బల్లమీద పెట్టి కోయకుడు. పట్టీని తీయునప్పుడు చేతితొడుగులు ధరింపుడు. యంత్రము తిరుగునప్పుడు ధరింపకుడు. పిల్లలు చూడవచ్చును, కొలువవచ్చును, లెక్కకట్టవచ్చును, యంత్రము నడుపరాదు.

ముగింపు

పిల్లలు దగ్గఱ నిలిచియున్నప్పుడు మీరు చేయదగిన పని మఱియొకటి కలదు. ఈ ఊరి ఇనుపసామానుల అంగడిలో మనము ఈ ప్రాంతభాషలోనే అడిగి కొనుక్కొందుము; అది న్యాయమే. ఇంటికి వచ్చిన పిదప మూలమట్టము, ఆకురాయి, చిత్రిక, శీల, కోతగాడి అను మాటలను పనిముట్టు చేతికిచ్చుచు చెప్పుడు. పుస్తకములో చదివిన పేరు పరీక్షవఱకు నిలుచును. చేతిలో బరువుతోపాటు వచ్చిన పేరు చిరకాలము నిలుచును.

రాబోవు విద్యాసంవత్సరమునకు శిశుతరగతికి కావలసిన అక్షరముల పెట్టెలు కోయవలసియున్నది. యంత్రముగల కుటుంబములవారు మొదటి పలక పెట్టకముందు ఒక సాయంకాలము ఈ పరీక్షకు కేటాయింపవలెనని కోరుచున్నాము. ఉక్కుబద్దయు, మూలమట్టమును, ఫీలర్ గేజియు లేనివారికి పాఠశాల పనిగదినుండి ఇయ్యగలము. పిలిచినచో మాలో ఎవరైనను వచ్చి ప్రక్క నిలిచి కొలువగలము. గూటిలో అక్షరము పట్టనప్పుడు బిడ్డను మఱల చదువుమని గద్దింపకముందు, ఆ అక్షరమును కోసిన బల్లను ఒకమాఱు చూడుడు.